గుమాస్తా రాసుకున్న రెండో తేదీ

సోమవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు ఇందుజ మూడో అంతస్తు మెట్ల మీద కూర్చుని ఉంది. లిఫ్టు పనిచేస్తూనే ఉంది, ఆమె మోకాళ్ళూ పనిచేస్తూనే ఉన్నాయి. మెట్ల మీద కూర్చోవడానికి కారణమల్లా, ఆమెను పిలిపించుకున్న ఇద్దరికీ ఆ ఇంట్లో కుర్చీ వేసేవాళ్ళు లేకపోవడమే.

ఒకడు రాజనర్సు. పదకొండేళ్ళు సూరత్ మగ్గాల దగ్గర నిలబడి, చెవులు సగం పోయాక గీజర్లూ గ్యాసు పొయ్యిలూ బాగుచేసే పనిలోకి మారిన సిరిసిల్ల మనిషి. రెండో మనిషి అతని భార్య సమ్మక్క. రింగ్ రోడ్డులో ఇందుజ డిటెక్టివ్ ఆఫీసు ఏ మేడ మీద ఉందో, ఆ మేడ కింది దుకాణంలోనే చీరలకు రాళ్ళు అంటిస్తుంది.

"రెండు గంటలకు ఠాణాల ఉండాలె అన్నరట. పోతే మల్ల ఇడుస్తరా అక్కా?" అంది సమ్మక్క.

ఇందుజ వాచీ చూసుకుంది. అబద్ధం చెప్పడానికి ఇంకా టైముంది.

జరిగింది ఇదీ. శుక్రవారం పొద్దున, 302లో ఉండే జయదేవ్ స్నానాలగదిలో చనిపోయాడు. నలభై ఒక్కేళ్ళు. హజీరాలో ఒక గ్యాసు ప్లాంటులో ఇంజనీరు. గ్యాస్ గీజరు పొగ బయటికి పోయే గొట్టానికి పావురం గూడు అడ్డుపడింది. పొగ గదిలోనే ఉండిపోయింది. నిద్ర ముంచుకొచ్చినట్టు ఉంటుందట, అంతే.

అయితే రాజనర్సు మెడకు చుట్టుకున్నది గూడు కాదు, ఒక వాక్యం. జయదేవ్ ఇంట్లో ఏ పని ఎప్పుడు చేయించాలో గుర్తుచేసే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అందులో ఇలా ఉంది: "గీజరు పొగగొట్టం శుభ్రం. జనవరి 3. చేసినవారు: రాజనర్సు. పూర్తయింది."

చెయ్యని పనిని చేశానన్నాడు, మనిషి పోయాడు. పోలీసులకు అంతకంటే సులువైన కేసు ఏముంటుంది?

"మూడో తారీఖు శనివారం. ఎక్కడున్నావు?"

"రూంల పన్న మేడం. జెరం. ఇది పనికి పొయింది. ఒక్కన్నే."

"చూసినవాళ్ళు?"

"జెరమొస్తే నలుగుర్ని పిలిచి దావత్ ఇస్తరా అక్కా?" సమ్మక్క విసుక్కుంది. "పన్నడంటే పన్నడు."

"చివరిసారి ఈ ఇంటికి ఎప్పుడొచ్చావు?"

"అక్టోబరు పన్నెండు, ఐతారం. గీజరు కుడిపక్క నీలం పెన్సిల్‌తోని రాసిన, జూడుండ్రి. మగ్గం మీద బట్ట తాన్ దిగంగనే నంబరు రాస్తం గద, గదే అలవాటు. పని జేస్తే రాస్త. రాయలేదంటే చెయ్యలేదన్నట్టే."

"మూడు నెలలకోసారి అంటే మొన్న పన్నెండుకి రావాలి. రాలేదేం?"

"సారే ఫోన్ జేసిండు. పతంగుల పండుగ అయినంక రా నర్సూ అన్నడు. పద్దెనిమిదికి వస్తనన్న. సారు పదహారుకే పాయె." రాజనర్సు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "మంచోడు మేడం. నిలవెట్టి మాట్లాడెటోడు కాదు."

"ఆయన మంచోడే," అంది సమ్మక్క. "ముసలాయనదే తిప్పలు. ఆళ్ళ మడి అర్ర దిక్కు సూడనియ్యడు. ఆడ పొయ్యి పైపు పాతదైంది, మారుస్త అంటే, నువ్వు గడప దాటద్దు, నేనే ఏసుకుంట అన్నడు. ఈన చెయ్యి తాకితే పొయ్యి సుత ఎంగిలైతదట."

ఇందుజ ఆ మాట విన్నది. విని, మనసులో ఎక్కడో పెట్టి మర్చిపోయింది. రెండు గంటల తర్వాత తనను తాను తిట్టుకోవలసిన సంగతి అదే.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన వచ్చింది, వెనకాల పరమేశ్వర్ వచ్చాడు.

పరమేశ్వర్ రైల్వే పోలీసులో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు కంపెనీలకు దర్యాప్తులు చేసిపెడతాడు. ఈసారి ఆయనను పెట్టుకున్నది గీజరు తయారుచేసిన కంపెనీ. తప్పు గీజరుది కాదని తేలితే చాలు; ఎవరిదని తేలినా వాళ్ళకు సమ్మతమే.

"ఇందుజ గారా! బ్యాంకు మేనేజరు గారి భార్య మెట్ల మీద కూర్చోవడమేమిటండీ, మేం లేమూ?"

"మీరు కూర్చున్నాక లోపల కుర్చీ మిగలదు కదండీ."

ఆయన నవ్వాడు. రాజనర్సు వైపు మాత్రం నవ్వకుండా చూశాడు. "ఎక్కడికీ కదలకు. ఒంటిగంటన్నరకి బయల్దేరతాం."

*

భుజంగరావు గారు హాల్లో చాప మీద కూర్చుని ఉన్నారు. జయదేవ్ తండ్రి. పిల్లలు లేని కొడుక్కి కర్మ తానే చేస్తున్నారు. ముప్పై ఆరేళ్ళు స్టేషన్ మాస్టరుగా చేసిన మనిషి కాబట్టి దుఃఖంలో కూడా టైములు తప్పలేదు.

"ఆరూ ముప్పై ఎనిమిదికి తలుపు వేసుకున్నాడు. ఏడున్నర బస్సు వాడిది. ఏడూ రెండుకి నేను పిలిచాను. ఏడూ ఆరుకి తలుపు బద్దలుకొట్టాం."

"ఎవరెవరు?"

"నేనూ, పై ఫ్లాటు అభిషేకూ. వాడి స్నేహితుడే, ప్లాంటులో ఒకే సెక్షను. అరుపు విని దిగొచ్చాడు."

ఇందుజ ముక్కు ఎగబీల్చింది. ఏదో కాలుతోంది. చూస్తే, దీపం పక్కన అగరొత్తి ఒరిగి చాప అంచు మీద పడింది. గుండ్రంగా నల్లబడి పొగలు వస్తోంది. పెద్దాయన మోకాలికి జానెడు దూరం. ఆమె చెప్పులేని కాలితోనే తొక్కి ఆర్పింది.

ఆయన తల దించి చూసుకున్నారు. "కరోనా నాటి నుంచి వాసన తెలియదమ్మా. మా ఆవిడ శేషారత్నం పోయినప్పుడు ఇల్లంతా సాంబ్రాణి వేశారట. నాకు తెలియలేదు."

ఇందుజ అగరొత్తి ముక్కను తీసి పక్కన పెట్టింది. తర్వాత అడిగింది. "జయదేవ్‌కి ఎవరితోనైనా తగాదా ఉందాండీ?"

"లేదు." ఆయన ఆగారు. "ఒక కవరుంది. పతంగుల రోజు మేడ మీద నా చేతిలో పెట్టాడు. నాకు వీలుకాకపోతే ప్లాంటు పెద్దాయనకి మీరే ఇవ్వండి నాన్నా అన్నాడు. ఏముందో చూడలేదు. ఇంకొకరి పేరు రాసిన కవరు విప్పే అలవాటు మాకు లేదు."

"నేను చూడవచ్చా?"

"పదో రోజు దాటాక, ఇవ్వాల్సిన చేతిలోనే పెడతాను."

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"అందరికీ. పాడె ఎత్తుతున్నప్పుడు వాడికి గట్టిగానే మాటిచ్చాను కదా, ఇచ్చొస్తాను నాయనా అని."

పదకొండూ ఇరవైకి ఆయన తాపీ నది ఒడ్డుకు బయల్దేరారు. గుమ్మం దగ్గర కోడలితో అన్నారు. "అమ్మాయ్, ఇవాళ్టి నుంచి కర్త వంట, నేనే వండుకోవాలి. ఒంటిగంటకి వచ్చేస్తాను. ఆ గదిలోకి ఎవ్వరినీ వెళ్ళనివ్వకు."

*

స్నానాలగది తలుపు ఇంకా విరిగే ఉంది. గీజరు కుడిపక్కన నీలం పెన్సిల్‌తో గుజరాతీ అంకెల్లో 12-10. దాని కింద ఏమీ లేదు. పొగగొట్టం వెంటిలేటరు గుండా వెనక బాల్కనీలోకి వెళ్ళింది. బయటికి తీసిన గూడు అక్కడే పాలిథీన్ కవరులో ఉంది. పోలీసులు ఫొటో తీసుకుని, తీసుకెళ్ళడం మర్చిపోయారు.

ఇందుజ కవరు విప్పి నేల మీద పరిచింది. వేప పుల్లలు, చీపురు పుల్లలు, ఇనప తీగముక్క ఒకటి, వాటి మధ్య గులాబీరంగు పతంగి దారం. దారం మెరుస్తోంది. దాని మీది గాజుపొడి వేలికి గుచ్చుకుంది.

తర్వాత ఆమె చేసిన పని చూసి పరమేశ్వర్ జాలిపడ్డాడు. బాల్కనీకి నేల నుంచి కప్పు దాకా కట్టిన పావురాల వలను, మూల నుంచి మూలకి, చేత్తో తడుముకుంటూ పోయింది. స్టూలు ఎక్కి పై అంచు కూడా. పదకొండు నిమిషాలు పట్టింది.

"వలలో చేపలున్నాయాండీ?"

"చిరుగు లేదు. ఒక్క కొక్కెం కూడా ఊడలేదు. పావురం ఎటునుంచి వచ్చిందంటారు?"

"పావురం కదండీ. ఎటునుంచో వచ్చింది."

"లిఫ్టులోనా?"

పరమేశ్వర్ గొంతు సవరించుకున్నాడు. ఇందుజ నేల చూపించింది. "ఒక్క రెట్ట లేదు. గూడు కట్టాలంటే పది రోజులు పుల్ల పుల్లా మోసుకొచ్చే పక్షి, పది రోజులూ ఉగ్గబట్టుకుందా? గొట్టం వెడల్పు నా పిడికిలంత. ఈ గూడు పళ్ళెమంత. మడిచి కుక్కారు. దారం చూడండి, ఎండకి వెలవలేదు. పద్నాలుగు పదిహేనుల్లో తెగిన దారం. మేడ మీద దొరికిన గూడుని, దారంతో సహా ఎత్తుకొచ్చారు."

"ఎవరు?"

"పదిహేను రాత్రి నుంచి పదహారు పొద్దున ఆరున్నర లోపల ఈ బాల్కనీలోకి వచ్చినవాళ్ళు."

"అయితే ఇంట్లోవాళ్ళే." పరమేశ్వర్ కళ్ళు చిన్నవయ్యాయి. "చూడండి ఇందుజ గారూ. నాకు హత్యలతో పనిలేదు. గీజరు మంచిదని మీరే నిరూపించారు, థాంక్స్. కానీ ఆ సాఫ్ట్‌వేర్‌లో రాజనర్సు పేరుంది. పోలీసులకు పావురం భాష రాదు. అచ్చులో ఉన్నదే చదువుతారు."

పన్నెండూ పది. చెప్పడానికి ఇష్టం లేకపోయినా ఆమెకు తెలుసు, ఆయనన్నది నిజం.

*

ఆ సాఫ్ట్‌వేరుకి ఇంట్లో పేరు గుమాస్తా.

"ఆయన మాట విన్నది ఈ ఇంట్లో అదొక్కటే," అంది వర్షిణి, జయదేవ్ భార్య. మూడు రోజులుగా ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది కానీ మాటలో పదును పోలేదు. వంటింటి గోడకు తగిలించిన ట్యాబ్ చూపించింది. "గ్యాసు ట్యూబు రెండేళ్ళకి. నీళ్ళ ఫిల్టరు ఆరు నెలలకి. ఓవర్‌హెడ్ ట్యాంకు, ఫ్యాను రెక్కలు, ఆయన పళ్ళ డాక్టరు, అన్నీ ఇదే గుర్తుచేస్తుంది."

ట్యాబ్ మీద ఎర్రగా ఒక గడి వెలుగుతోంది. "జయదేవ్ – పళ్ళ డాక్టరు – ఈరోజు." వర్షిణి దాన్ని చూసి తల తిప్పుకుంది.

"ఇది ఏ కంపెనీది? అడిగితే వివరాలిస్తారా?"

"కంపెనీ లేదండీ. ఊరికే దొరికే ప్రోగ్రాం. ఆయనా అభిషేకూ కూర్చుని మా పాత లాప్‌టాప్‌లో ఎక్కించారు. చెప్పుల స్టాండు మీద చూడండి, రాత్రీ పగలూ అలా గుర్రుపెడుతూ ఉంటుంది. మన ఇంటి సంగతులు బయటి సర్వర్లకి ఎందుకు అనేవారు. ఇంటి వైఫైలో ఉన్న ఫోనుకి తప్ప తెరుచుకోదు."

"వైఫై ఎవరెవరి ఫోన్లలో ఉంది?"

"మా ముగ్గురివీ. పైన అభిషేక్‌కి నెట్ పోయినప్పుడు వాడుకుంటాడు. ఇంట్లో మనిషిలాగే వస్తూ పోతూ ఉంటాడు, గురువారం రాత్రి కూడా వచ్చాడు."

"వదినా, మజ్జిగ." పేరు తలిచినట్టే అభిషేక్ ఫ్లాస్కు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. సూరత్‌లోనే పుట్టి పెరిగినవాడు. "ఆంటీ, మీకేమైనా హెల్ప్ కావాలా? సిస్టం సంగతి నాకు బరాబర్ తెలుసు."

అతనికీ తనకూ మధ్య ఉన్నది గట్టిగా పన్నెండేళ్ళు. ఆంటీ అన్నందుకు నేరం మోపలేం కాబట్టి ఇందుజ ఊరుకుంది. "శ్మశానానికి వెళ్ళారా మీరు?"

"జీ, వెనకాల బైక్ మీద వెళ్ళా. ఇక్కడ వదినకి సాయం చేసి."

"ఇల్లు కడుగుతున్నామని గ్యాసులన్నీ అతనే కట్టేశాడు," అంది వర్షిణి. "చెప్పకుండానే చేస్తాడు పాపం."

ఇందుజ ట్యాబ్ వైపు తిరిగింది. "ఈ జనవరి మూడు అనేది, ఎవరైనా తర్వాత వచ్చి వెనకటి తేదీ వేసి నొక్కి ఉండొచ్చు కదా?"

వర్షిణి మొదటిసారి నవ్వినట్టు పెదవి కదిపింది. "నేను నొక్కానుగా. పోయిన ఏడాది నీళ్ళ ఫిల్టరు మార్చకుండానే మార్చానని వెనకటి తేదీ వేశాను. ఆ గొడవ తర్వాత ఆయన ఇంకో చిట్టా పెట్టారు. నువ్వు చెప్పే తేదీ ఒకటి, నువ్వు బటన్ నొక్కిన క్షణం గుమాస్తా తనకు తాను రాసుకునే తేదీ ఒకటి, రెండోది ఎవరూ మార్చలేరు అన్నారు. అభిషేక్‌కి కూడా తెలియదు. అది నా ఒక్కదానికోసం పెట్టిన కాపలా."

"ఎక్కడుందో తెలుసా?"

"దొరికిపోయింది నేనే కదండీ. తెలియకపోవడమేం?"

గుమ్మం దగ్గర ఫ్లాస్కు కింద పెట్టిన చప్పుడైంది. అభిషేక్ లేడు.

వర్షిణి మూడు చోట్ల నొక్కింది. సన్న అక్షరాల పట్టీ తెరుచుకుంది. పరమేశ్వర్ కూడా కళ్ళజోడు పెట్టుకుని వంగాడు.

గీజరు పొగగొట్టం. చెప్పిన తేదీ జనవరి 3. నొక్కిన సమయం జనవరి 17 శనివారం, పదకొండూ నలభై రెండు. నొక్కినవారు: జయదేవ్.

శనివారం పదకొండూ నలభై రెండుకి జయదేవ్ చితి మీద ఉన్నాడు.

"ఆయన పాస్‌వర్డ్ నీకు తెలుసా అమ్మా?" పరమేశ్వర్ గొంతు తేనెలా మారింది.

"తెలుసు."

"ఆ టైముకి ఇంట్లో ఉన్నదెవరు?"

"ఆడవాళ్ళం శ్మశానానికి వెళ్ళం కదా. మేమే."

"ఇంకేం." పరమేశ్వర్ నిటారుగా నిలబడ్డాడు. "భార్య గూడు కుక్కింది, మెకానిక్ పేరు వేసింది. లేదా ఇద్దరూ కలిసి. ఇందుజ గారూ, మీ తెలివికి దండం. నాకు రెండు తలకాయలు దొరికాయి. ఒకదానితోనే వెళ్దామనుకున్నాను."

"పరమేశ్వర్ గారూ, ఒక్క పావుగంట ఆగండి."

"పావుగంటలో మీరు ఇంకొకరిని ఇరికిస్తారు. ఈ సాక్ష్యం ముందు ఠాణాకి చేరాలి." ఆయన ఫోను తీస్తూ బయటికి నడిచాడు.

వర్షిణి గోడకు ఆనుకుంది. "నేను కాదండీ." ఇందుజ ఆమెను చూడలేదు. తన వేలు పట్టీ మీద కిందికి జారుతోంది.

నలభై రెండు దగ్గర ఆగలేదు పట్టీ. దాని కింద ఇంకో వరస ఉంది.

మడి గది పొయ్యి, గ్యాసు ట్యూబు మార్పు. చెప్పిన తేదీ జనవరి 3. చేసినవారు: రాజనర్సు. నొక్కిన సమయం జనవరి 17, పదకొండూ నలభై ఏడు.

"వర్షిణీ, మడి గదిలో రాజనర్సు ట్యూబు మార్చాడా?"

"ఆ గదిలోనా?" వర్షిణి కన్నీళ్ళ మధ్య విస్తుపోయింది. "నేనే తలస్నానం చేస్తే గానీ అడుగుపెట్టను. రాజనర్సుని వంటింటి గడపే దాటనివ్వరు మావయ్యగారు. అత్తయ్య పోయాక ఆ పొయ్యి వెలిగించలేదు. ట్యూబు ఆయనే మార్చుకోవాలి. ఈ ఇంట్లో వాళ్ళెవరికైనా తెలిసిన సంగతే…"

మాట మధ్యలో ఆగిపోయింది. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

ఈ ఇంట్లో వాళ్ళెవరూ రాజనర్సు పేరు అక్కడ రాయరు. రాజనర్సు తానే రాసుకోడు. పట్టీలో ఏముందో తెలిసి, గడపల సంగతి తెలియని మనిషే రాయాలి. ఒక ముసలాయన అహంకారం ఇన్నాళ్ళూ రాజనర్సుని గడప బయట నిలబెట్టింది. ఇవాళ అతని తరఫున సాక్ష్యం చెప్పేది ఆ గడప ఒక్కటే.

ఇందుజ మనసులో మిగిలినవి వరసగా వచ్చి నిలబడ్డాయి. పొగగొట్టం చెయ్యకుండా చేసినట్టు రాశారు, అక్కడ మనిషి పోయాడు. ఇప్పుడు ట్యూబు. ఇల్లు కడుగుతుంటే గ్యాసులన్నీ కట్టేసిన మనిషి. పాడె దగ్గర అందరూ విన్న కవరు మాట. ఇవాళ్టి నుంచి కర్త వంట. వాసన తెలియని ముక్కు.

"మావయ్యగారు వచ్చారా?"

"ఇందాకే. పక్క గుమ్మం నుంచి వస్తారు, ఎవరికీ తగలకుండా." వర్షిణి నడవా వైపు తిరిగింది. "ముందు రెగ్యులేటరు తిప్పుతారు. బియ్యం కడిగి, దణ్ణం పెట్టుకుని, అప్పుడు…"

ఒంటిగంటా ఎనిమిది.

నడవాలోకి రాగానే వాసన కొట్టింది. మూసిన తలుపు కింది సందులోంచి, కుళ్ళిన ఉల్లిపాయలాంటి వాసన. ఇందుజ తలుపు తోసింది. గడియ లేదు. ఈ ఇంట్లో ఆ తలుపుకి గడియ అవసరమే రాలేదు.

భుజంగరావు గారు తడిపంచెతో పొయ్యి ముందు నిలబడి ఉన్నారు. పెదవులు మంత్రంలో కదులుతున్నాయి. ఎడమ చేతిలో అగ్గిపెట్టె. కుడి చేతిలో పుల్ల.

"ముట్టుకోవద్దు!" ఆయన అరిచారు. "తడిబట్టతో ఉన్నాను!"

ఆమె ముట్టుకుంది. రెండు చేతులూ పట్టుకుని, అగ్గిపెట్టెతో సహా బియ్యం కడిగే ఇత్తడి గిన్నెలోకి ముంచేసింది. నీళ్ళూ బియ్యమూ నేలంతా పోయాయి. కాలితో సిలిండరు వెనక్కి లాగి రెగ్యులేటరు కట్టేసింది. వర్షిణి పరిగెత్తుకొచ్చి కిటికీ తెరిచింది.

"నా వంట మైలపరిచావు," అన్నారాయన, కోపంతో కాదు, ఏమీ అర్థంకాక.

ఇందుజ ట్యూబు ఎత్తి పట్టుకుంది. రెగ్యులేటరుకి బెత్తెడు ఇవతల, కింది వైపు, బ్లేడుతో నిలువుగా కోసిన గాటు. కొత్తది. "వంట మళ్ళీ చేసుకోవచ్చండి."

పెద్దాయన గాటు చూశారు. కోడల్ని చూశారు. గోడ పట్టుకుని కూలబడ్డారు. తర్వాత లేచి, దేవుడి పటం వెనక నుంచి కవరు తీసి ఇందుజ చేతిలో పెట్టారు. "విప్పు," అన్నారు.

ఒక్క కాగితం. ప్లాంటులో పద్నాలుగు సేఫ్టీ వాల్వుల పట్టిక. ప్రతిదాని ఎదురుగా "తనిఖీ పూర్తయింది". పక్కన జయదేవ్ చేతిరాత: "ఒక్కటీ విప్పి చూడలేదు. రెండేళ్ళుగా." పద్నాలుగు సంతకాలూ ఒక్కడివే. అభిషేక్.

చెయ్యని పనికి చేశానని నొక్కడం అతనికి అలవాటే. ఆ అలవాటునే ఇంటికి తెచ్చుకున్నాడు, అంతే.

*

ట్యాబ్‌లో ఆ రెండు వరసలు ఫొటో తియ్యాలి. ఆ ఆలోచన ముందే రావలసింది. ఇందుజ వంటింట్లోకి వచ్చేసరికి తెర తెల్లగా ఉంది. మధ్యలో ఒక్క వాక్యం: "గుమాస్తా అందుబాటులో లేడు."

పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. కరెంటు పోలేదు.

ఆమె గుమ్మం వైపు పరిగెత్తింది. చెప్పుల స్టాండు మీద దుమ్ము మధ్య నలుచదరంగా ఒక శుభ్రమైన చోటు. పక్కన వైరు వేలాడుతోంది. ఈ లోకంలో ఆ రెండో తేదీ ఉన్నది ఆ పాత లాప్‌టాప్‌లో ఒక్కదానిలోనే. బయటి సర్వర్లకు ఎందుకన్నాడు జయదేవ్.

పరమేశ్వర్ మెట్ల దగ్గర ఫోను జేబులో పెట్టుకుంటూ కనిపించాడు. మొహం వెలిగిపోతోంది.

"లాప్‌టాప్ ఏది?"

"కంగారుపడకండి. ఠాణాకి పంపించేశాను. అక్కడ తెరిచి చూపించే మనిషి కావాలి కదా? ఆ కుర్రాడే వచ్చి అడిగాడు, నేను తీసుకెళ్తాను సార్ అని. చురుకైనవాడు."

"ఎవరు?"

"అభిషేక్. అతని కారు ఖాళీగా ఉంది కదా అని రాజనర్సుని కూడా ఎక్కించాను. లాప్‌టాప్ వాడి ఒళ్ళోనే పెట్టించాను, కుదుపులకి పాడవకుండా."

ఇందుజ చేతిలోని కాగితం ఆయన కళ్ళముందు పెట్టింది. ఆయన చదివాడు. కిందిదాకా చదివి, మళ్ళీ పైనుంచి చదివాడు. సెంటు వాసన ఒక్కటే మిగిలింది, మనిషి మొహంలో రంగు లేదు.

ఆమె అప్పటికే రాజనర్సు నంబరు నొక్కింది. రింగు దగ్గర్లోనే మోగింది. కింది మెట్ల మీద నుంచి.

సమ్మక్క ఫోను పట్టుకుని పైకి వస్తోంది. "ఈన ఫోన్ నా దగ్గరనే ఉన్నదక్కా. ఠాణాల గుంజుకుంటరు, నీ పెండ్లానికి ఇచ్చిరా అన్నడు గా కారు సారు." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఇందుజ మొహం చూసి ఆమె మొహమూ మారింది.

"గది గాదక్కా, నాకొక్కటి సమజ్ అయితలేదు. ఠాణా టౌను దిక్కు గద? కారేంది మరి, హజీరా రోడ్డుకు మర్లింది?"